ఎనిమిది బస్తాలా, తొమ్మిదా

1970లో నేను నాచారంలోని ఒక రంగుల ఫ్యాక్టరీలో, ట్రైనింగ్ సెక్షన్‌లో లెక్కల ఇన్‌స్ట్రక్టర్‌గా ఉండేవాణ్ణి. గుంటూరు జిల్లా నుంచి వచ్చి అప్పటికి రెండేళ్లు. ఉప్పల్‌లో గది అద్దెకు తీసుకుని రోజూ సైకిలు మీద వెళ్లేవాణ్ణి. మొదటి షిఫ్టు రెండు గంటలకు దిగాక, పై పోస్టుకు పరీక్ష రాయాలనుకునే పనివాళ్లకు గంటసేపు క్లాసు చెప్పడం నా పని. ఆ పరీక్షను ట్రేడ్ టెస్ట్ అనేవాళ్లం. ప్రశ్నపత్రం నేనే తయారు చేసేవాణ్ణి. సరైన జవాబుల పట్టిక, అంటే కీ, కూడా నేనే రాసి సంతకం పెట్టేవాణ్ణి.

ఆ ఏడు సిలబస్‌లో అసమీకరణాలు చేర్చారు. సమీకరణంలో ఇటువైపు, అటువైపు సమానంగా ఉంటాయి. అసమీకరణంలో ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ. ఫ్యాక్టరీలో మాటలన్నీ రెండో రకానివే. ఇంతకు మించరాదు, కనీసం ఇంత ఉండాలి, ఇంత లోపల అయిపోవాలి. ఆ మాటల్ని గుర్తుల్లోకి మార్చడం నేర్పాలి.

"బస్సులో నలభై మందికి మించరాదు అని రాసి ఉంటుంది. x అంటే ఎక్కినవాళ్లు. ఎలా రాస్తాం?" అని అడిగాను.

"కండక్టర్ మంచోడైతే అరవై సార్" అన్నాడు అంజయ్య. మిక్సింగ్ షెడ్డులో హెల్పరు. క్లాసంతా నవ్వింది.

వెనక బెంచీ నుంచి నర్సింలు మాత్రం నెమ్మదిగా, "x నలభై, లేకుంటే అంతకన్న తక్కువ" అన్నాడు. లారీల మీది సుద్దపొడి బస్తాలను దించి లిఫ్టులోకి ఎక్కించే హమాలీ అతను. పదేళ్లుగా యాభై కిలోల బస్తాలు వీపున మోసి నడుము పాడైంది. బెంచీ మీద కూర్చునేటప్పుడు రెండు చేతులూ బల్లకు ఆనించి, సగం వంగి, కాసేపు ఆగి అప్పుడు కూర్చునేవాడు. బస్తాలు పై అంతస్తుకు తీసుకెళ్లే గూడ్స్ లిఫ్ట్‌కు ఆపరేటర్ పోస్టు ఒకటి ఖాళీ అయింది. ఆపరేటర్ బస్తాలు మోయనక్కర్లేదు. లిఫ్టులో నిలబడి మీట తిప్పితే చాలు. ఆ పోస్టు వస్తే నడుము దక్కుతుంది, రాకపోతే లేదు. అందుకే ఆ మనిషి అయిదు నెలలు ఒక్క క్లాసు కూడా మానలేదు.

జూన్ మొదటి సోమవారం పరీక్ష జరిగింది. ఆరో ప్రశ్న ఇది: గూడ్స్ లిఫ్ట్ సేఫ్ లోడ్ 500 కిలోలు. అందులో వెళ్లే ఆపరేటర్ బరువు 60 కిలోలు. ఒక్కో బస్తా 50 కిలోలు. ఒకసారికి అత్యధికంగా ఎన్ని బస్తాలు తీసుకెళ్లవచ్చు? సేఫ్ లోడ్ అంటే లిఫ్టు క్షేమంగా మోయగల బరువు.

60 + 50x ≤ 500. అరవై తీసేస్తే నాలుగు వందల నలభై. యాభైతో భాగిస్తే x ≤ 8.8. నేను కీలో తొమ్మిది అని రాశాను.

ఎందుకు రాశానో చెబుతాను. అంతకు ముందు రెండు నెలలు క్లాసులో యంత్రాల ఇరుసుల కొలతలు చెబుతున్నాను. దశాంశం తర్వాత అంకె అయిదు గానీ ఆపైన గానీ ఉంటే పై అంకెకు పోవాలి, తక్కువైతే వదిలేయాలి. చెయ్యి దానికే అలవాటు పడింది. 8.8 కనిపించగానే తొమ్మిది వేసి, సంతకం చేసి, కవరు అంటించాను. చదువుకున్నవాడి చేతకానితనం ఇలాగే ఉంటుంది. సూత్రం గుర్తుంటుంది, లిఫ్టు గుర్తుండదు.

నర్సింలు 8 రాశాడు. నేను దాని చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి పక్కన 9 అని వేశాను. మా సెక్షన్‌లో స్టెప్పులకు మార్కుల్లేవు. జవాబు తప్పితే అయిదు మార్కులూ పోయినట్టే. నోటీసు బోర్డు మీద లిస్టు పెట్టారు. అందరికన్నా ఎక్కువ మార్కులు వచ్చినవాడికే లిఫ్టు పోస్టు. అంజయ్యకు డెబ్బై నాలుగు, నర్సింలుకు డెబ్బై ఒకటి. అభ్యంతరాలుంటే ఏడు రోజుల్లోగా, ఉద్యోగుల వ్యవహారాలు చూసే పర్సనెల్ ఆఫీసరుకు చెప్పాలని కింద రాసి ఉంది.

ఆ మధ్యాహ్నమే నర్సింలు నా దగ్గరకు వచ్చాడు.

"సార్, జర నా కాయిదం సూపెట్టున్రి."

తీసి ఇచ్చాను. ఎర్ర సున్నాను చాలాసేపు చూశాడు.

"ఎనిమిది ఎట్ల తప్పయింది సార్?"

"ఎనిమిది పాయింట్ ఎనిమిది వచ్చింది కదా. అది తొమ్మిదికే దగ్గర."

"దగ్గరుంటే ఏంది సార్? బస్తాను ముక్క చేసి ఎక్కియ్యంగద. తొమ్మిది బస్తాలంటే నాలుగొందల యాభై. మీద మనిషి అరవై. ఐదొందల పది అయితది. మించొద్దని మీరే జెప్పిన్రు."

తప్పు నాదని నాకు అప్పుడే తెలిసిపోయింది. అతను చెప్పేదాంట్లో అర్థం కానిదేమీ లేదు. మూడో తరగతి కూడిక. "కీ ప్రకారమే దిద్దాను నర్సింలూ" అన్నాను.

"ఆ కీ ఎవరు రాసిన్రు సార్?"

"అది ఆఫీసు విషయం" అన్నాను. ఆ కీ రాసింది నేనేనని అతనికి తెలియదు. కాగితం జాగ్రత్తగా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

నా ప్రొబేషన్, అంటే పర్మనెంట్ చేసే ముందు పరీక్షించి చూసే గడువు, ఆ నెలతో ముగుస్తుంది. నన్ను ఖాయం చేసే కాగితం పర్సనెల్ ఆఫీసరు బల్ల మీద ఉంది. లెక్కల మాస్టారే లెక్క తప్పాడని ఆయన దగ్గరకు నేనే వెళ్లి చెప్పాలి. రేపు చెబుదాం అనుకున్నాను. మర్నాడూ అదే అనుకున్నాను. అలా ఏడు రోజులు గడిచాయి. మధ్యలో రోజూ క్లాసు తీసుకున్నాను. నర్సింలు రాలేదు. లారీ దగ్గర అతను వంగి బస్తా ఎత్తుకుంటుంటే తల తిప్పుకుని సైకిలు తొక్కేవాణ్ణి.

ఎనిమిదో రోజు ఖాయం కాగితం నా చేతికి వచ్చింది. తొమ్మిదో రోజు ఆఫీసరు గదిలోకి వెళ్లాను. ఈ వరుసను నేను ఎంత మార్చి చెప్పుకుందామన్నా మారదు.

ఆయన అంతా విని, "పది కిలోలే కదా మాస్టారూ. ఆ లిఫ్టు కట్టినవాడు ఆ మాత్రం చూసుకునే ఉంటాడు" అన్నాడు.

"కానీ జవాబు తప్పండి. సరిదిద్దితే నర్సింలుకు డెబ్బై ఆరు, అంజయ్యకు అరవై తొమ్మిది."

"ఏడు రోజుల గడువు అయిపోయింది. ఏడంటే ఏడే. వచ్చే ఏడాది మళ్లీ రాయమనండి."

రిజిస్టరు తెప్పించి చూశాడు. ట్రేడ్ టెస్ట్ రాసే రోజుకు ముప్పై అయిదేళ్లు మించరాదని రూలు. వచ్చే ఏడు పరీక్ష నాటికి నర్సింలుకు ముప్పై అయిదు నిండి పదకొండు రోజులు దాటుతాయి.

"మించింది మాస్టారూ. నేనేం చెయ్యను" అన్నాడు.

ఆ పుట్టినరోజు సంగతి నాకు తెలుసు. క్లాసులో చేరినప్పుడు దరఖాస్తు నేనే నింపాను. తన పుట్టిన తేదీ నర్సింలుకు తెలియదు. పనిలో చేరిన రోజు టైమ్ ఆఫీసు గుమాస్తా మనిషిని ఎగాదిగా చూసి ఒక తేదీ వేశాడు. ఆ మాటే ఆఫీసరుతో చెప్పాను.

"రిజిస్టర్లో ఉన్నదే తేదీ" అన్నాడాయన, తలెత్తకుండానే.

ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ గది తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. తీగకు వేలాడే ఇనప పెట్టెలో మనిషి నిలబడే చోట పది కిలోలు లెక్కలోకి రావు. గుమాస్తా కంటికి తోచి వేసిన తేదీ దగ్గర పదకొండు రోజులు ఉక్కు గోడ. మించరాదు అనే మాట రెండు చోట్లా ఒకటే. హమాలీకి అడ్డం పడాల్సి వచ్చినప్పుడే దానికి పదును వచ్చింది. అయితే ఆ కోపంలో సగం నాకే చెందుతుంది. గడువులోపల వెళ్లి ఉంటే ఆయనకు ఏడు అంటే ఏడే అనే అవకాశం ఉండేది కాదు.

బయటికి వస్తుంటే లిఫ్టు దగ్గర అంజయ్య కొత్త ఖాకీ చొక్కాలో ఉన్నాడు. లోపల బస్తాలు లెక్కపెట్టాను. ఎనిమిది.

"అంజయ్యా, పరీక్షలో తొమ్మిది రాశావు కదా?"

అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "అయిదు నెలలు మీ ముంగట కూసున్న సార్. పాయింట్ ఎన్క పెద్ద అంకె ఉంటె మీరు పై అంకెనే ఏస్తరు. మీకు గదే కావాలె, గదే రాసిన. లిఫ్టుల ఎనిమిదే ఏస్త. నేను గూడ లోపట్నే ఉంట గద."

అతనిది తప్పని అనలేకపోయాను. అతనికీ నర్సింలుకూ ఇద్దరికీ సరైన జవాబు తెలుసు. తెలిసినదాన్ని దాచి నాకు నచ్చింది రాసినవాడు గెలిచాడు. నేను చెప్పిన చదువు అలా పనికొచ్చింది.

నర్సింలు లారీ నీడలో కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. కీ రాసింది నేనేనని, తప్పు నాదేనని, మొదటి రోజే తెలుసునని, ఏడు రోజులు నోరు మూసుకున్నానని చెప్పాను. వచ్చే ఏడాదికి వయసు మించిపోతుందన్న సంగతీ చెప్పాను.

అతను బీడీని నేలకేసి రుద్ది ఆర్పాడు.

"మీకు అప్పుడే తెలుసా సార్?"

"తెలుసు."

"మీకు తెల్వకుంటె మంచిగుంటుండె" అన్నాడు. లేచేటప్పుడు నేను చెయ్యి అందించాను. పట్టుకోలేదు. లారీ చక్రాన్ని పట్టుకుని లేచాడు.

నేను ఆ ఫ్యాక్టరీలో ఉన్నంతకాలం అతను బస్తాలు మోస్తూనే ఉన్నాడు. చివరి రెండేళ్లలో అతను నిటారుగా నిలబడగా చూడలేదు. ఎదురుపడితే నమస్కారం పెట్టేవాడు. అంతకు మించి ఒక్క మాట లేదు.

ఆ తర్వాత క్లాసుల్లో జవాబు రాగానే దాన్ని మళ్లీ ప్రశ్నలో పెట్టి కూడి చూపించమనేవాణ్ణి. గీత దాటిందేమో అప్పుడే తెలుస్తుంది. చాలామందికి అది మంచి పద్ధతే అయింది. కానీ నేను నేర్చుకున్నది అది కాదు. 8.8ని తొమ్మిది చేసింది అలవాటు. దానికి మందు ఉంది. కీ ప్రకారమే అని చెప్పి ఏడు రోజులు ఊరుకున్నది అలవాటు కాదు. అప్పటికి నాకు లెక్క వచ్చు.