బాపు వేసిన జడ

మొన్న పొద్దున కోడలు డ్యూటీకి తొందరగా వెళ్ళిపోతే, మా అబ్బాయి ఫోన్‌లో వీడియో ఆపుతూ ఆడిస్తూ కూతురికి జడ వేస్తుంటే నాకు నవ్వు ఆగలేదు గానీ, ఆ నవ్వు కాస్తా ఎప్పుడో బోధన్ దారిలో చెరకు బండ్ల వెంట, ఫ్యాక్టరీలోంచి వచ్చే ఆ తీపి మడ్డి వాసన వెంట వెళ్ళిపోయింది.

తమ్ముడు పుట్టిన పదిరోజులకే మా అవ్వ, అంటే అమ్మ, పోయింది. బాపు, అదే మా నాన్న, షుగర్ ఫ్యాక్టరీకి చెరకు బండి తోలేవాడు. చుట్టాలు చెవినిల్లు కట్టుకుని పోరినా మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. నాకు జడ కూడా ఆయనే వేసేవాడు. ఆయనకు వచ్చిన ముడి ఒక్కటే, బండి మీది చెరకు జారకుండా మోకుకు వేసేది. దాన్ని విప్పడమూ ఆయనకే తెలుసు.

మీకూ గుర్తుండే ఉంటుంది, బాలవాడిలో తల్లులకు సర్కారు పాలపొడి పంచేవారు. ఆ ఆడవాళ్ళ వరుసలో నిలబడడానికి బాపుకు సిగ్గు. తమ్ముడేమో రోజురోజుకూ చిక్కిపోతున్నాడు. చివరికి వాణ్ణి మాక్లూరులో మేనత్తకు అప్పగించి, నన్ను నిజామాబాద్‌లో తల్లిలేని పిల్లల సర్కారు హాస్టల్‌లో వేయాలని నిశ్చయించుకున్నాడు.

ముందు నా వంతు. బాపు కాగితం మీద వేలిముద్ర వేసి గేటు దాటాడో లేదో, పేలు చూద్దామని నా జడ విప్పబోయిన హాస్టల్ ఆయమ్మ, ముడి ఎంతకీ రాక కత్తెర తెమ్మంది. నేను ఏడ్చిన ఏడుపుకు బాపు పరుగెత్తుకొచ్చాడు. ఒక్క లాగు లాగి ముడి విప్పాడు గానీ, నా జుట్టులోంచి చేయి తీయలేకపోయాడు. అక్కడే కూలబడి, పాలపొడి వరుస సంగతంతా ఆయమ్మకు చెప్పుకుని ఏడ్చాడు.

“బిడ్డకు జడేస్తే రాని సిగ్గు, పాలకాడ ఎందుకొచ్చిందయ్యా? తీస్కపో ఇంటికి,” అందామె.

మర్నాడు తమ్ముణ్ణి తువ్వాలలో కట్టుకుని బాపు వరుసలో నిలబడ్డాడు. “అగో, గీ తల్లికి మీసాలున్నయే!” అని ఆడవాళ్ళు పడీపడీ నవ్వి, నవ్వుతూనే ఆయన్ని ముందుకు జరిపారు. మేం ముగ్గురం ఒక్క ఇంట్లోనే పెరిగాం, బాపు కూడా మాతోపాటే పెరిగాడనిపిస్తుంది.

ఇప్పుడు తండ్రి జడ వేస్తే ఎవరూ వింతగా చూడరు, నాకదే సంతోషం. మనవరాలి జడ మాత్రం రబ్బరు బ్యాండు లాగితే ఇట్టే ఊడిపోతుంది. ఒక్కోసారి నెరిసిన నా పిడికెడు జుట్టుకు ఆ మోకు ముడి వేయబోతాను, రాదు. బాపు ఉన్నాడు కదా అని, అప్పుడు నేర్చుకోనేలేదు.