మోకాలి ఎత్తున కెమెరా

మావయ్య పోయాడని ఫోన్ వచ్చేసరికి నేను ఫిల్మ్‌నగర్‌లో ఎడిటింగ్ గదిలో ఉన్నాను. శ్రీనగర్ కాలనీలో ఆయన అద్దె ఇంటికి వెళ్తే గుమ్మం దగ్గర నాలుగు జతల చెప్పులు కూడా లేవు. ఎంతోమంది హీరోలకు తుపాకీ పట్టుకోవడం నేర్పిన మనిషి. శవపెట్టె మోయడానికి పక్క వాటాలవాళ్ళను పిలవాల్సి వచ్చింది.

ఆయన మా అమ్మకు తమ్ముడు. బెజవాడ నుంచి వచ్చి సినిమాలకు ఉత్తుత్తి తుపాకులు అద్దెకిచ్చేవాడు. అసలు తుపాకీకి లైసెన్సూ ఉండేది. పంటలు తినేసే అడవి పందుల్ని కాల్చడానికి పంచాయతీలు అనుమతులిస్తున్న దగ్గర్నుంచీ చేవెళ్ళ వైపు రైతులు ఆయన్ని పిలిచేవాళ్ళు. వెళ్ళొచ్చిన ప్రతిసారీ గంపెడు వంకాయలు తెచ్చి మా నెత్తిన రుద్దేవాడు.

ముందు కెమెరా, తర్వాతే తుపాకీ అనేది ఆయన పట్టుదల. ట్రెయిల్ కెమెరా అంటే చెట్టుకు కట్టి వదిలేస్తే, ఎదుట ఏది కదిలినా దానంతటదే ఫోటో తీసుకునే డబ్బా. ఆ పొలానికి ఏ జంతువు వస్తోందో, ఎటునుంచి వస్తోందో కొన్నాళ్ళు చూడందే ఆయన తూటా ముట్టుకునేవాడు కాదు. కొత్త కెమెరా వస్తే వరండాలో కుర్చీకి కట్టి, బకెట్ పట్టుకుని దాని ముందునుంచి గబగబా నడవమనేవాడు నన్ను. తర్వాత ఫోటో చూసి పెదవి విరిచేవాడు.

"నీ మడమ మాత్రమే పడిందమ్మాయ్. దీంతో పందిని పడితే తోక దొరుకుద్ది."

ఫామ్‌హౌస్‌లున్న సినిమావాళ్ళు జూబ్లీ హిల్స్ నుంచి కార్లలో వచ్చి మరీ సలహా అడిగేవాళ్ళు, చవకలో గట్టి కెమెరా చెప్పమని. కుక్కకు ఏసీ గది కట్టించినవాళ్ళు కూడా చవకే అడిగేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. మావయ్య మాత్రం ఓపిగ్గా చెప్పేవాడు: "మెగాపిక్సెళ్ళు పెళ్ళి ఫోటోలకండీ. పంది మనకోసం ఆగదు. అది కదిలిన ఎంతసేపటికి ఫోటో పడుద్దో చూడండి. ఎర్రగా వెలిగే లైటున్నది వద్దు, దొంగ చూస్తాడు. లోపలికి వాన నీళ్ళు, చీమలు దూరకూడదు. పోయినా ఏడవకుండా ఉండే ధరలో కొనుక్కోండి."

ఇంకో మాట కూడా అనేవాడు. సినిమావాళ్ళంతా కెమెరాను తమ కంటి ఎత్తులో కడతారట, పంది ఉండే మోకాలి ఎత్తుకు దించమంటే చిన్నతనమట.

ఒక హీరోగారి ఫామ్‌హౌస్ గొడవ కూడా ఇలాంటి సలహాతోనే మొదలైంది. పక్కనున్న మొక్కజొన్న చేలలో పందులు పడుతున్నాయని అనుమతి తెప్పించారు. కాగితంలో షూటరుగా మావయ్య పేరు రాయించారు. ఆయన ఒక కెమెరా చెబితే, మేనేజరు పెట్టె మీద పెద్ద అంకెలున్న చవకది కొన్నాడు. దాంట్లో ఊగే గడ్డి తప్ప ఏమీ పడలేదు.

"గాడ పురుగు గూడ తిరుగుతలేదు సార్. మీరు ఊకె ఫికర్ జేస్తున్నరు," అన్నాడు మేనేజరు.

"పురుగు తిరుగుతానే ఉంది నాయనా. పట్టుకునే తెలివి ఆ డబ్బాకి లేదు," అని మావయ్య తన కెమెరా తీసుకెళ్ళి కట్టొచ్చాడు. తెల్లవారుతుండగా పాలక్యాను నెత్తిన పెట్టుకుని గట్టు మీద నడిచే ఒక ఆడమనిషి అందులో పడింది. ఒక రోజు కాదు, రోజూ.

మావయ్య నా ఎదుటే మేనేజరుకు ఫోన్ చేశాడు. అక్కడ మనిషి నడుస్తోంది, నేను తుపాకీ ఎత్తను, మీరూ ఆపేయండి అని. సార్‌కు చెప్త అన్నాడతను. మా ఫీల్డులో అన్నీ నోటిమాటలే. డేట్లూ నోటిమాటే, పారితోషికమూ నోటిమాటే. కాగితం అడిగితే "మామీద నమ్మకం లేదా" అని మొహం మాడ్చుకుంటారు. మావయ్యా అడగలేదు, తనూ రాసివ్వలేదు.

హీరోగారు అప్పటికే పందుల వేటకని స్నేహితుల్ని పిలుచుకున్నారు. తెల్లవారుజామున చేను కదిలింది, స్నేహితుల్లో ఒకాయన పేల్చాడు. గుండు ఆ పాలక్యాను ఆడమనిషి ఎడమ కాలికి తగిలింది.

నాకట్ల ఎవరు జెప్పలే అన్నాడు మేనేజరు. మావయ్య అమాయకంగా తన కెమెరా కార్డు తీసుకెళ్ళి పోలీసులకిచ్చాడు, ముందే హెచ్చరించానని రుజువు చేసుకోవడానికి. అదే ఆయన మెడకు చుట్టుకుంది. మనుషులు తిరుగుతారని తెలిసీ రాతపూర్వకంగా ఎందుకివ్వలేదని అడిగారు. కాల్చినవాడు బెయిలు మీద ఇంటికెళ్ళాడు. మావయ్య లైసెన్సు పోయింది. ఉత్తుత్తి తుపాకులు అడిగేవాళ్ళూ లేకపోయారు. హీరోగారి మనుషులు ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది, అందరికీ అర్థమైపోయింది.

"రాసివ్వటానికి మొహమాటపడ్డానమ్మాయ్. మొహమాటం నాది, కాలు ఆవిడది," అన్నాడు ఒకసారి. బత్తాయిలు కొనుక్కుని ఆసుపత్రికి వెళ్తుండేవాడు. మనిషి లోపల్లోపలే కుంగిపోయాడు, చివరికి గుండె ఆగింది. డాక్టర్లు బీపీ అన్నారు. నేను ఒప్పుకోను.

ఆయన పోయిన రోజే హీరోగారు సోషల్ మీడియాలో సంతాపం పెట్టారు, "నాకు తుపాకీ పట్టుకోవడం నేర్పిన గురువు" అని. దాని కింద అభిమానులు బారులు తీరి చేతులు జోడించారు.

పోయినవాళ్ళ ఇంటివాళ్ళను ఓదార్చడానికి పెట్టే ప్రార్థన, ఆదరణ కూడిక, ఆయన ఇంట్లోనే జరిగింది. లిఫ్టు పాడైంది. గుండు తగిలిన ఆమె చేతికర్రతో మెట్లెక్కి వచ్చి, ప్రార్థన అయ్యేదాకా వెనక కూర్చుంది. అందరూ లేచాక నా దగ్గరికొచ్చింది.

"అమ్మా, సారు కెమెరాల నా ఫోటో వడ్డదంట గద. ఒకటి ఇస్తరా?"

ఎందుకని అడిగాను.

"నేను మంచిగ నడిసింది గందుల్నే ఉంది. ఇంకేడ లేదు. మా బిడ్డకు సూపెడ్త."

కార్డు పోలీసుల దగ్గరుందని చెప్పాను.

"కేసు అయినంక ఇస్తరా?"

అడుగుతానన్నాను. ఎవరిని అడగాలో నాకు తెలియదు. మంచిదమ్మా అని ఆమె మెట్ల వైపు తిరిగింది. పట్టుకోబోతే వద్దంది. ముందు కర్ర, తర్వాత ఎడమకాలు. కుడికాలు కూడా వచ్చి పక్కన ఆనేదాకా గోడ పట్టుకుని ఆ మెట్టు మీదే నిలబడి, మళ్ళీ కర్ర కింది మెట్టు మీదికి దించింది.