అండాలమ్మ దాలి

మఠంపల్లి అండాలమ్మ గడప దాటినా మనసు మాత్రం దాలి దగ్గరే కూర్చునేది. పిడకల నిప్పు మీద పొద్దంతా పాలు కాగే ఆ గుంటను బూడిదతో కప్పి బయల్దేరేది, సందు మలుపు దాకా పోయి, కప్పిన్నో లేదో అని మళ్లీ వెనక్కి తిరిగేది. ఆమె కోసం మొగుడు జంగయ్య నిలబడే జాగాలో గడ్డి కూడా మొలవదని ఊరోళ్ల ఎకసెక్కం. నిజాం ఏలుబడి ఆఖరి గడబిడ దినాల్లో, ఇండ్లు కాలబెట్టే దండు వస్తున్నదని ఊరంతా మూటలతో కృష్ణ ఒడ్డుకు ఉరికింది. అవతలి ఒడ్డున నిజాం మాట చెల్లదు. ఆఖరి పుట్టి ఎక్కబోతూ అండాలమ్మ ఆగిపోయింది.

“దాలి కప్పిన్నో లేదో యాదికొస్తలేదయ్యా. జర పోయి సూసొస్త.”

“వాళ్లు వచ్చేదే కాలబెట్టనీకి గదనే! ఇగ నీ దాలితోని ఏం పని?” అన్నడు జంగయ్య.

“వాళ్లు కాలబెడితే వాళ్ల పాపం. నా దాలితోని అంటుకుంటే ఈ పద్మమ్మ ఇంటి కప్పు కూడా కాలుతది. నన్ను బతకనిస్తదా?”

పక్కింటి పద్మమ్మ పుట్టిలోంచి అరిచింది: “నేనే కప్పొచ్చిన, ఎక్కవే అక్కా!”

అండాలమ్మ ఆమె చెయ్యి గుంజి వాసన చూసింది. బూడిద వాసన లేదు, పసుపు వాసన వచ్చింది. తను ఎక్కందే జంగయ్య ఎక్కడు. అబద్ధమని తెలిసే ఎక్కింది గానీ, అవతలి ఒడ్డు చేరేదాకా పద్మమ్మతోని మాట్లాడలేదు.