ఒంటిచెవి తీర్పు

ఇయర్‌ఫోన్ల కొట్లో బాబాయి మాటే వేదం. కొత్త జత రాగానే చెవుల్లో పెట్టుకుని, నోరు బార్లా తెరిచి ఆవలించేవాడు. జారిపడితే పనికిరానట్టే. అరగంటకు చెవి నొస్తే పెట్టె వెనక్కే. అంతటి మొనగాడికి ఎడమ చెవి వినపడడం మానేసి ఏడాదయింది. ఆ సంగతి పిన్నికి తప్ప ఎవరికీ తెలియదు. ఓనరుకు తెలిస్తే ఉద్యోగం ఊడుతుందని దాచాడు. పాట పరీక్షించేటప్పుడు మాత్రం జతలోని రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి కుడి చెవిలోనే పెట్టుకుని వినేవాడు.

ఒకరోజు ఓనరు పట్టేశాడు.

"ఏంటి గురువుగారూ, ఆ ఎడమ చెవి ఏం పాపం చేసింది?"

బాబాయి చేతిలోని జతను ముందుకు చాపాడు. "అది నాకంటే ముందే రిటైరైంది సార్. కానీ చూడండి, ఈ జతలో ఒకదానికి బేస్ తక్కువ."

ఓనరు రెండు చెవుల్లో పెట్టుకుని విన్నాడు. "బాగానే ఉందిగా!"

"అలా కాదు సార్. రెండూ ఒకే చెవితో వినండి."

విన్నాడు. తేడా తెలిసిపోయింది. ఉద్యోగం ఊడలేదు సరికదా, ఇకపై కొట్లో అందరూ ఒంటిచెవితోనే వినాలని హుకుం జారీ అయింది.

బాబాయి ఇంటికొచ్చి గొప్పగా చెప్పాడు.

"బాగుంది సంబడం!" అంది పిన్ని. "మీ చెవుడు కొట్టంతటికీ అంటించి వచ్చారన్నమాట!"