రాజుగారి కడుపునొప్పి

ఇప్పుడంటే సినిమావాళ్లను చూడటానికి జనం గోడలెక్కుతున్నారు గానీ, నేను ముఖానికి రంగు పూసుకోవడం మొదలుపెట్టిన కాలంలో నాటకాలవాడు వీధిలోకి వస్తే ఆడపిల్లలున్న ఇళ్లవాళ్లు తలుపులు గడియ వేసుకునేవారు. తెల్లదొరల ఏలుబడి. మాట్లాడే బొమ్మలు ఇంకా రాలేదు. మాట్లాడని బొమ్మలే ఎప్పుడైనా పట్నంలో డేరా వేస్తే నెల్లాళ్లపాటు వింతగా చెప్పుకునేవాళ్లం. అలాంటి రోజుల్లో నాకు ఇరవై ఏళ్లు. ఒంట్లో ఎముకలు తప్ప చెప్పుకోదగ్గదేమీ లేదు. మనసులో మాత్రం ఒకే ఒక్క కోరిక, జనాన్ని ఏడిపించాలని. (నా మొహం చూసి నవ్వడానికి అలవాటుపడిన పాఠకులు ఇక్కడ ఓసారి నవ్వుకోవచ్చు. నేనేమీ అనుకోను. ఆ నవ్వుమీదే ఇన్నాళ్లూ అన్నం తిన్నాను.)

మా మేనమామకు విజయనగరం దగ్గర ఒక నాటకం కంపెనీ ఉండేది. కంపెనీ అంటే పెద్దగా ఊహించుకోకండి. వెలిసిపోయిన తెరలు, దగ్గుతూ పలికే హార్మోనియం, రేకు కిరీటాలున్న భోషాణం, వీటన్నిటికన్నా బరువైన మామయ్య సొంత నాటకం. శాపం తగిలిన రాజు రాజ్యం పోగొట్టుకుని అడవుల పాలవుతాడు, అక్కడ రాణి పాము కరిచి చనిపోతుంది, ఆ శవం పక్కన కూర్చుని రాజు పద్యం వెనక పద్యం పాడతాడు. రాణి ఒక్కసారే చచ్చిపోయేది గానీ, ఆ పద్యాలు పూర్తయ్యేసరికి ప్రేక్షకులు చాలాసార్లు చచ్చిపోయేవారు. రాజు వేషం కట్టే ఆయన్ని మేమంతా సింహంగారు అనేవాళ్లం. గొంతు అలాంటిది, జుట్టూ అలాంటిదే. ఇక నేను ఆ రాజుగారి భటుణ్ణి. బల్లెం పట్టుకుని నిలబడి, “చిత్తం ప్రభూ!” అనడం నా పాత్ర. కానీ సింహంగారి పద్యాలన్నీ నాకు కంఠతా వచ్చు. ఊరి బయట తుమ్మచెట్ల మధ్య నిలబడి, గాలికి ఊగే కొమ్మలను ఏడుస్తున్న జనంగా ఊహించుకుని పాడుతూ ఉండేవాణ్ణి.

దీనికో కారణముంది. మామయ్యకు ఒక్కతే కూతురు. ఆ పిల్ల నాకేనని రెండిళ్లలోనూ ఎప్పటినుంచో అనుకుంటున్నారు, ఒక్క మామయ్య తప్ప. “ఒరేయ్, రాజు వేషం కట్టి ఒక్కనాడు జనం చేత కన్నీళ్లు పెట్టించు. పిల్లనిచ్చి కాళ్లు కడుగుతాను. బల్లెం పట్టుకునేవాడికి మాత్రం ఇవ్వను,” అని తెగేసి చెప్పాడాయన. ఆ పిల్ల తలుపు వెనక నిలబడి ఈ మాట విని కిసుక్కున నవ్వింది. అది దుఃఖాన్ని దాచుకునే నవ్వని అప్పుడు నేను గట్టిగా నమ్మాను.

ఆ వేసవిలో పల్లపు ఊళ్లలో మా నాటకం పేరు చెబితే జనం వేరే పనులు గుర్తు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడు అరకు లోయలోంచి ఒక ముఠాదారు, అంటే ఆ కొండ ఊళ్లకు పెద్ద, మనిషిచేత కబురంపాడు. తమ సంత దగ్గర ఆట ఆడాలని, నచ్చితే ప్రతి వేసవీ పిలుస్తామని. మామయ్య కళ్లు మెరిశాయి. శృంగవరపుకోట దాకా బళ్ల మీద వెళ్లి, అక్కడినుంచి ఘాటీ, అంటే కొండదారి, నడిచి ఎక్కాం. (కొండమీదికి రైలు అనే మాట అప్పటికి ఎవరి నోటా పుట్టలేదు.) భోషాణాన్ని కొండమనుషులు దుంగకు కట్టి మోసుకుంటూ కబుర్లాడుకుంటూ ముందు వెళ్లిపోతుంటే, ఒట్టి చేతులతో ఉన్న కళాకారులం మేము వెనక రొప్పుతూ వెళ్లాం. అనంతగిరి చల్లదనానికి సింహంగారు మఫ్లరు చుట్టుకుని, “ఈ గాలి నా గొంతుకు పడదు,” అన్నారు. గాలి ఊరుకుంది గానీ దోమలు ఊరుకోలేదు. లోయలోకి దిగేసరికి ఆయనకు మన్యం జ్వరం పట్టుకుంది. దుప్పట్లన్నీ కప్పినా సింహం పిల్లిలా వణికింది.

సంత రోజు ఉదయం మామయ్య నా దగ్గరకు వచ్చాడు. “పద్యాలన్నీ వచ్చునా?”

“వచ్చు మామయ్యా.”

“ఏడవగలవా?”

“చూస్తూ ఉండు!” అన్నాను.

ఆ సంతోషంలో నాకు కాళ్లు నేలమీద ఆనలేదు. సంతంతా తిరిగాను. కొండల మీదినుంచి వచ్చినవాళ్లు పసుపు, చింతపండు, అడ్డాకులు, కొండచీపుళ్లు పరిచి కూర్చున్నారు. ఒకచోట పనసపళ్లు కోసి పెట్టారు. ఆ వాసన దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. కాబోయే రాజు తినదగినంత తిన్నాను. తర్వాత కాబోయే పెళ్లికొడుకు తినదగినంత తిన్నాను. పక్కనే వేళ్లూ బెరడులూ బుట్టలో పెట్టుకుని కూర్చున్న ఒక ముసలమ్మ నన్ను ఎగాదిగా చూసి, “ఆగరా బాబూ, అది పనస, మేత కాదు,” అంది. మహానటుడితో మాట్లాడుతున్నానని ఆమెకు తెలియదు కదా అని క్షమించేశాను.

కొండదారుల్లో పులులు తిరిగే కాలం. చీకటి పడకముందే అందరూ ఇళ్లు చేరాలి. అందుకని ఆట మధ్యాహ్నమే మొదలుపెట్టాం. సంతంతా వచ్చి మా తెరముందు కూర్చుంది. ముఠాదారు తలపాగాతో మంచం మీద, ఆయన చుట్టూ ఆడామగా, పిల్లలు, కోడిపెట్టలు. ముఖానికి రంగు పూసుకుని, రేకు కిరీటం పెట్టుకుని, సింహంగారి కోటులో ఈదుకుంటూ రంగం మీదికి వెళ్లాను. మొదటి అంకం బాగానే గడిచింది. రెండో అంకంలో పనస తన పని మొదలుపెట్టింది. మూడో అంకంలో రాణి పాము కరిచి పడిపోయే సమయానికి నా కడుపులో యుద్ధం జరుగుతోంది.

శవం పక్కన కూలబడి, రాణి తల ఒళ్లో పెట్టుకుని పద్యం ఎత్తుకున్నాను. నొప్పి మెలిపెట్టేసింది. “హా! దేవీ!” అన్న మాట నా గొంతులోంచి వచ్చిన తీరుకు నాకే ఒళ్లు జలదరించింది. చెమటలు కారాయి. కళ్లలోంచి నీళ్లు వాటంతట అవే ఉరికాయి. మెలికలు తిరిగాను, నేలను గీరాను, ఆకాశాన్ని చూసి అఘోరించాను. ముఠాదారు తలపాగా కొసతో కళ్లు ఒత్తుకున్నాడు. తెరపక్కన మామయ్య రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. ఆయన చెంపలు కూడా తడిగా ఉన్నాయి. మరో రెండు పద్యాలు దాటితే పిల్ల నాది.

అప్పుడు ముందు వరసలోంచి ఆ వేళ్ల ముసలమ్మ బుట్టతో సహా లేచి, తిన్నగా రంగం మీదికి వచ్చేసింది. “ఏటిరా బాబూ, కడుపునొప్పేటి?” అంది, సంతంతా వినపడేలా.

నేను రాజును. కిరీటం నిమిరి, శోకం తగ్గకుండా అన్నాను, “ఓ వృద్ధాంగనా! నా హృదయవేదన నీ బుట్టలోని వేళ్లకు లొంగునా?”

“గుండెలో అయితే సెయ్యి కడుపు మీద ఎట్టుకున్నావేటి? పొద్దున నాను సెప్పినానా లేదా?” అని, జనం వైపు తిరిగింది. “గుంటడు పనసకాయ సగం మింగీసినాడర్రా!”

ఎవరో ఒకరు ఫక్కున నవ్వారు. తర్వాత సంతంతా నవ్వింది. ముసలమ్మ సొరకాయ బుర్రలోంచి ఏదో కషాయం ఆకు దొప్పలో పోసింది. నా ఒళ్లో తల పెట్టుకుని చనిపోయి ఉన్న రాణి (ఆ వేషం కట్టింది పొద్దునే మీసం గొరిగించుకున్న మా హార్మోనియం మాస్టారి తమ్ముడు) పొట్ట ఎగిరెగిరి పడుతుంటే పెదవి కదపకుండా, “తాగెయ్యరా, తాగెయ్,” అని గొణిగాడు. ముసలమ్మ ఆ దొప్ప నా నోటి దగ్గర పెట్టింది. “సేదుగుంటాది. బేగి తాగీ.”

“రాజులు పరుల చేతి పానీయము సేవింతురా?” అన్నాను, చివరి ప్రయత్నంగా.

“సేవించకపోతే నీ రాజ్జెం ఇక్కడే పోద్ది,” అందామె.

తాగాను. ఆ చేదుకు నా మొహం ఎన్ని వంకర్లు పోవాలో అన్నీ పోయింది. జనం ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. అయినా నేను పట్టు వదలక, మిగిలిన పద్యం ఎత్తుకున్నాను. పద్యం సగంలో పెద్ద తేన్పు వచ్చింది, అదీ హార్మోనియం శ్రుతిలోనే. ఆ తర్వాత మందు నిజంగానే పనిచేసింది. రాణి తలను దభీమని నేలకు వదిలేసి, కిరీటం చేత్తో పట్టుకుని, ప్రేక్షకుల మధ్యగా అడవివైపు పరుగెత్తాను. రాజు అడవికి పోవడం మామయ్య రాసిందే. ఇంత వేగంగా అని మాత్రం ఆయన రాయలేదు.

తిరిగి వచ్చేసరికి తెర దించేశారు. తెరవెనక మామయ్య తలపట్టుకుని కూర్చున్నాడు. నా బతుకూ, పెళ్లీ అయిపోయాయనుకుని ఆయన పక్కనే కూలబడ్డాను. ఇంతలో ముఠాదారు వచ్చాడు, కళ్లు ఇంకా తుడుచుకుంటూనే. “పంతులుగోరూ, ఇలాటి ఆట నానెక్కడా సూడ్నేదు. వొచ్చే సంతకీ ఇదే ఆడాల. ఆ కడుపునొప్పి మట్టుకు మరిసిపోకండి.”

“అది నాటకంలో లేదండీ,” అన్నాడు మామయ్య హీనస్వరంతో.

“లేకపోతే ఎట్టండి. అదొక్కటే బాగున్నాది గదా!”

మరుసటి సంత నాటికి సింహంగారికి జ్వరం తగ్గింది. రాజు వేషం ఇంకెవరికీ ఇవ్వడానికి వీల్లేదని మంచం మీదినుంచే గర్జించారు. కొండ ఊళ్లలో మాత్రం కడుపునొప్పి ఆట పేరు అప్పటికే పాకిపోయింది. మామయ్య పగలంతా ఆలోచించి, అవమానాన్ని చేదు మందులా మింగి, నాటకంలో భటుడి పాత్రను కొత్తగా రాశాడు. రాజు ఒక పక్క రాణి కోసం ఏడుస్తాడు. ఆయన భటుడు ఇంకో పక్క పనస తిని ఏడుస్తాడు. ముసలమ్మను కూడా పిలిచాం గానీ, “నొప్పి నేకుండా మందెందుకు? నాకు సంతలో పనున్నాది,” అని రానంది. అందువల్ల నొప్పీ, మందూ అన్నీ నేనే నటించాల్సి వచ్చింది. ఏ నొప్పీ లేకుండా నొప్పి పడటం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. ఎక్కడ ఆగాలి, ఎక్కడ కళ్లు తేలెయ్యాలి, సింహంగారి ఏ పద్యం మధ్యలో మూలగాలి అని చూసుకుంటూ చేశాను. జనం నవ్వారు. సింహంగారు ఆ రోజు నుంచీ నాతో మాట్లాడటం మానేశారు.

మేము ఇల్లు చేరేసరికి కథ మాకన్నా ముందే చేరింది. మామయ్య గడపలోనే అత్తయ్యతో, “హాస్యగాడికి పిల్లనివ్వను,” అన్నాడు. అత్తయ్య ఆయన వైపు చూడకుండానే, “రాజుల కథలు రాసేవాణ్ణి చేసుకుని నేనేం సుఖపడ్డాను? ఇంట్లో కూడా పద్యాలే,” అంది. లోపలినుంచి మళ్లీ ఆ కిసుక్కుమన్న నవ్వు వినిపించింది. అందులో దుఃఖమేదీ లేదని అప్పటికి అర్థమైంది. పెళ్లయింది. కంపెనీ కూడా బతికింది. తర్వాత బొమ్మలకు మాటలు వచ్చాయి, నన్ను మద్రాసు పిలిచారు. వంటవాడిగా, వెర్రి అల్లుడిగా, దొంగ సన్యాసిగా, నిద్రపోయే జవానుగా, ఎన్ని రకాల మూర్ఖులుంటారో అన్ని రకాలుగానూ కనిపించాను.

అయినా నాకు మాటిమాటికీ గుర్తొచ్చేది ఆ బొమ్మలేవీ కావు. రెండో ఆట అయ్యాక మేము ఘాటీ దిగి వస్తున్నప్పటి సంగతి. అందరికన్నా వెనక, చెవుల వెనక రంగు ఇంకా వదలని మొహంతో ఒక బక్కపలచని కుర్రాడు నడుస్తున్నాడు. తనలోని మహా విషాద నటుడు ఆ లోయలో చచ్చిపోయాడని వాడి బాధ. ఎదురుగా కావిళ్లతో ఎక్కివస్తున్న కొండమనుషులు వాణ్ణి గుర్తుపట్టి, ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుని నవ్వారు. వాడు రాజులా తల ఎత్తి, కళ్లెర్రజేసి చూశాడు. వాళ్లు కావిళ్లు దించి మరీ నవ్వారు. ఆ మలుపు దగ్గర వాణ్ణి ఆపి, భుజం తట్టి, నీ అన్నం ఆ నవ్వులోనే ఉందిరా అని చెప్పాలనిపిస్తుంది నాకు. చెప్పినా వినే రకం కాదు. వాడికి తెలియకపోవడమే మంచిదైంది. ఏమీ తెలియకుండా, అంత గంభీరంగా, అంత చక్కగా నవ్వించడం ఆ తర్వాత నాకు ఎన్నడూ చేతకాలేదు.