నేను వేయని పిడికెడు బియ్యం

దయ్యాలు, గాలి, చేతబడి, వీటిలో నేను దేన్నీ నమ్మను. పన్నెండేళ్లుగా ఆశా కార్యకర్తగా చేస్తున్నాను. పుల్లలచెరువు దగ్గర మా పల్లెలో ఎవరికి జ్వరం వచ్చినా ముందు గాలి సోకిందంటారు, తాయెత్తు కడతారు, మూడో రోజు నా దగ్గరికి వస్తారు. రక్తం తీసి పరీక్షకు పంపితే మలేరియా అని తేలుతుంది. ఆ తాయెత్తులు చూసి నవ్వుకున్నదాన్ని నేను. అందుకే ఈ సంగతి రాయడానికి సిగ్గుగా ఉంది.

కోపంగా కూడా ఉంది. అది దేనికో చెబుతాను.

మా ఆయన దేవదానం మార్కాపురంలో పలకల పనికి పద్దెనిమిదేళ్లు పోయాడు. రాయి కోసే మిషన్ దగ్గర నిలబడేవాడు. ఇంటికొచ్చేసరికి కనుబొమ్మలకు కూడా దుమ్ము పట్టి ఉండేది. మూతికి కట్టుకున్న టవల్ కూడా మా ఇంటిదే. యజమాని ఒక్క మాస్కు ఇచ్చిన పాపాన పోలేదు. నలభై నాలుగేళ్లకే ఆయనకు ఊపిరి సరిగా ఆడకుండా పోయింది. ఒకరు టీబీ అని మందులిచ్చారు, ఇంకొకరు ఆస్తమా అన్నారు. చివరికి ఒంగోలులో ఒక డాక్టరు ఇది రాతి దుమ్ము అని, బాగయ్యే జబ్బు కాదని చెప్పాడు. ఆక్సిజన్ మిషన్ ఇచ్చి ఇంటికి పంపారు.

ఇక మా చర్చి సంఘంవాళ్లు రావడం మొదలుపెట్టారు. మంచం పక్కన కూర్చుని, ఇది దేవుడు పెట్టిన శోధన, ఓర్చుకోండి, ఓర్చుకుంటే విశ్వాసం గట్టిపడుతుంది అని చెప్పి, టీ తాగి పోయేవాళ్లు. ఆయన గాలి అందక గుడ్లు తేలేస్తుంటే ఆ మాట చెప్పడానికి వాళ్లకు నోరెట్లా వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ యజమాని దగ్గరికి పోయి మాస్కులు ఇమ్మని వీళ్లలో ఒక్కరూ అడగలేదు. ఓర్పు మాత్రం మాకు ఉచితంగా పంచిపెట్టారు.

ఒక ఆదివారం చర్చిలో పాస్టరు అయ్యగారు ప్రసంగం మధ్యలో నన్ను లేపి నిలబెట్టి, ఈ అమ్మ ఓర్పు చూసి నేర్చుకోండి అన్నారు. అందరూ స్తోత్రం అన్నారు. నా ఓర్పు సంగతి నాకు తెలుసు. లోపల కుతకుత ఉడికిపోతున్నాను.

ఆ రోజే పిడికెడు బియ్యం మానేశాను. మా క్రైస్తవుల ఇళ్లలో ఆడవాళ్లం పూటపూటకీ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి దేవుని పేరున డబ్బాలో వేస్తాం. ఆదివారం దాన్ని చర్చికి తీసుకుపోయి ఇస్తాం. పెళ్లైన నాటి నుంచి నేను ఒక్క పూట తప్పలేదు. మా అమ్మాయిని కన్న రోజు నా బదులు ఆయన వేశాడు. అటువంటిదాన్ని ఆ సాయంత్రం డబ్బా ఖాళీ చేసి, కడిగి, తుడిచి బోర్లించాను. నీకిచ్చింది చాలు అని దేవునితో పైకే అన్నాను. భయమేమీ వేయలేదు, హాయిగా నిద్రపట్టింది.

తర్వాతి ఆదివారం పొద్దున చూస్తే డబ్బా నిలబెట్టి ఉంది. మూత పెట్టి ఉంది. తీస్తే లోపల బియ్యం.

ముందు నన్ను నేనే అనుమానించాను. ఇన్నేళ్ల అలవాటు, చెయ్యి దానంతటదే వేసి ఉంటుంది అనుకున్నాను. ఆయన్ని అనుమానించడానికి లేదు, మంచం దిగాలంటే నేను పట్టుకోవాలి. మిషన్ గొట్టం గుమ్మం దాకా కూడా రాదు. అమ్మాయి కర్నూలులో నర్సింగ్ చదువుతూ హాస్టల్లో ఉంది. మా వంటిల్లు ఇంటికి ఎడంగా వేసుకున్న రేకుల షెడ్డు. అడవి కోతుల బాధకు దానికి ఎప్పుడూ తాళం వేస్తాను. తాళంచెవి నా మెడలో గొలుసుకే ఉంటుంది.

ఆ బియ్యాన్ని బస్తాలో కలిపేసి, ఈసారి ఖాళీ డబ్బా మూత చుట్టూ గాయాలకు వేసే ప్లాస్టర్ అంటించాను. ప్లాస్టర్ మీదుగా, కొంత మూత మీద, కొంత డబ్బా మీద పడేటట్టు పెన్నుతో సంతకం పెట్టాను. ఇక నా చెయ్యి మరిచిపోయి వేసే వీలు లేదు.

మళ్లీ ఆదివారం వచ్చేసరికి ప్లాస్టర్ అట్లాగే ఉంది. సంతకం ఎక్కడా చెదరలేదు. డబ్బా ఎత్తితే బరువుగా ఉంది. ప్లాస్టర్ ఊడదీసి, నా పిడికిలితోనే తీసి చాటలో పోశాను. పద్నాలుగు పిడికిళ్లు వచ్చాయి. రోజుకు రెండు పూటలు, ఏడు రోజులు. నేను ఎగ్గొట్టినవి సరిగ్గా అన్నే.

ఎవరికైనా భయం వేస్తుంది. నాకు ఒళ్లు మండిపోయింది. చాట పట్టుకుని ఆ షెడ్డులోనే అరిచాను.

"మూసిన డబ్బాలో బియ్యం పోసేటోడివి, ఆయన రొమ్ములో గుక్కెడు గాలి పొయ్యలేవా? నిన్ను నేను బియ్యం అడిగినానా?"

చుట్టుపక్కలవాళ్లు వచ్చి ఏందని అడిగారు. చెప్పాను. గంటలో ఆ మాట చర్చికి చేరింది. ఆరాధన ముగిశాక అయ్యగారు, పదిమంది ఆడవాళ్లు వచ్చారు. అందరూ నేరుగా వంటింటికే పోయారు. డబ్బాకు ఫోన్లతో ఫొటోలు తీశారు. నీ ఓర్పుకు ఫలం దొరికింది అన్నారు. వచ్చే నెల మీటింగుల్లో సాక్ష్యం చెప్పాలని అయ్యగారు అడిగారు. లోపల మంచం మీద ఉన్న మనిషి ఎట్లా ఉన్నాడని ఒక్కరూ అడగలేదు.

"ముందు పోయి ఆయన్ని పలకరించండి అయ్యగారూ" అన్నాను. "డబ్బా యాడికీ పోదు."

అయ్యగారి ముఖం వాడిపోయింది. ఆయన చెడ్డవాడని నేను అనను. లోపలికి పోయి మంచం పట్టె మీద కూర్చున్నారు. ప్రార్థన చేయలేదు, వాక్యం చెప్పలేదు, మా ఆయన పాదాలు పట్టుకుని చాలాసేపు ఊరికే ఉన్నారు. ఆ నెలల్లో మా ఇంట్లో ఎవరైనా చేసిన మంచి పని అదొక్కటే.

అందరూ పోయాక ఆ బియ్యంతోనే గంజి కాచాను. నాలుగు రోజులుగా ఏదీ మింగనివాడు గిన్నె ఖాళీ చేశాడు. తర్వాత నా వైపు చూసి, మాట మాటకూ ఆగుతూ అడిగాడు.

"పొద్దున ఎవురి మీద మార్తా, అరిచినావు?"

దేవుని మీద అని చెప్పాను. తిడతాడనుకున్నాను.

"ఊరుకోబాక. అరుస్తానే ఉండు. నాకు ఊపిరి ఉంటే నేనూ అరిచేటోణ్ణి."

గురువారం మధ్యాహ్నం పోయాడు. నేను పక్కనే ఉన్నాను. మిషన్ మాత్రం ఆడుతూనే ఉంది. దాన్ని ఆపడానికి నాకు చెయ్యి రాలేదు.

ఆ తర్వాత ఆరు వారాలు డబ్బాకు ప్లాస్టర్ వేసి, సంతకం పెట్టి చూశాను. ఒక్క గింజ రాలేదు. మా ఆసుపత్రి డాక్టరమ్మకు చెబితే, దిగులుతో మనసు అట్లా చేస్తుంది, నువ్వే పోసి మర్చిపోయి ఉంటావు అన్నది. కావచ్చు. అయితే సంతకం చెదరని ఆ ప్లాస్టర్ ముక్క నా దగ్గరుంది. నా సంతకం నాకు తెలియదా? మీటింగుల్లో సాక్ష్యం చెప్పమని రెండుసార్లు కబురొచ్చింది. పోలేదు. చర్చికి పోవడం మాత్రం మానలేదు.

ఇప్పుడు పలకల పనికి పోయే ప్రతి ఇంటికీ నేను మాస్కులు తీసుకుపోతున్నాను. దగ్గు మొదలైనవాళ్లను ఎక్స్‌రేకి లాక్కుపోతున్నాను. మొన్న యర్రగొండపాలెం దారిలో ఒక పల్లెకు పోయాను. అక్కడ సలోమి అనే అమ్మాయి మొగుడిదీ అదే జబ్బు. మంచంలో ఒరిగి కూర్చుని ఉన్నాడు, పడుకుంటే గాలి అందదు.

"అక్కా, ఆ బియ్యం సంగతి నిజమేనా?" అని అడిగింది సలోమి.

నిజమే అన్నాను. ఎవరు పోశారని అడిగింది. నాకు తెలియదన్నాను.

"మరి బావ?"

"పోయినాడు."

ఆ పిల్ల మొగుడి వైపు చూసింది. తర్వాత ప్రార్థన చెయ్యమని అడిగింది. ఓర్పు కోసం మాత్రం చెయ్యనని ముందే చెప్పాను. కళ్లు మూసుకోలేదు. ఈ మగవాళ్ల రొమ్ముల్లో దుమ్ము చేరుతుంటే చూస్తూ ఎట్లా కూర్చున్నావని దేవుణ్ణి అడిగాను. నా మొగుణ్ణి ఎందుకు తీసుకుపోయావని అడిగాను. కనీసం ఈయన్నైనా వదిలిపెట్టమని, ఎదుటిమనిషితో తగాదా పడినట్టే గట్టిగా అడిగాను. సలోమి బిత్తరపోయి చూస్తోంది.

నేను ఇంకా ముగించనేలేదు, మంచం మీద నుంచి ఆమె మొగుడు ఉన్న ఊపిరంతా కూడదీసుకుని ఆమెన్ అన్నాడు.