తుక్కులో దొరికిన మా బడి త్రాసు

మా బడి సైన్సు గదిలోని త్రాసును తుక్కుకు వేశారు. నిన్న పని నుంచి వస్తుంటే మొయినాబాద్‌లో తుక్కు దుకాణం ముందు కనిపించింది. ముట్టుకుంటే వేళ్లకు అదే ఇత్తడి వాసన.

నాతో ఏడో తరగతి చదివినవాళ్లకు గుర్తుందా? సునీత తమ చేనులోని క్యారెట్‌ను తూచి, కడిగి, మళ్లీ తూచింది.

"సార్, నీళ్లు తాగి బరువైంది!"

"తాగిందో, పైన అంటుకున్నదో ఎట్ల తెలుస్తది బిడ్డా?"

సునీత చున్నీతో తుడిచి మూడోసారి తూచింది. మొదట పెట్టిన తూకం రాళ్లకే సరిపోయింది. మేం పగలబడి నవ్వాం.

"నవ్వుడు కాదు. ఆమె తూచి తెలుసుకున్నది. మీరేం చేసిన్రు?" అన్నారు సార్.

తర్వాత నా చదువు ఆగిపోయింది. సొంతంగా నేర్చుకున్నదంతా ఆ మాట పట్టుకునే నేర్చుకున్నాను.

ఇప్పుడు మా చెల్లె అదే బడిలో ఏడో తరగతి. త్రాసు ఎప్పుడైనా పట్టుకున్నావా అని అడిగాను.

"పుస్తకంల బొమ్మ ఉన్నది గదా అక్కా. మంచిగ గీసిన, చూస్తవా?"

గీసిన బొమ్మ చూపించింది. నాకు ఏడుపు ఆగలేదు.

సైన్సు గదిని సామాన్ల కొట్టు చేసిన బడి కమిటీ పెద్దలారా, ఆ గది ఖాళీ చేసి పిల్లల చేతికి త్రాసు ఏ రోజు ఇస్తారు? సోమవారం సాయంత్రంలోగా ఈ పోస్టు కిందే జవాబు రాయండి.